చదువు అయ్యాక అక్కడే ఆగిపోయినవాళ్ళు

మదనపల్లెలో ఏ పెళ్ళికి వెళ్ళినా ఈ మధ్య భోజనాల దగ్గర వినబడే మాట ఓపీటీ. టమాటాలు మార్కెట్టుకు తోలే ఇళ్ళలో కూడా ఆ మాట తెలుసు. పుంగనూరులో, కుప్పంలో అయినా అంతే. "మా అబ్బాయి ఎంఎస్ అయిపోయింది, ఓపీటీలో ఉన్నాడు" అని ఒక తల్లి అన్నాక, ఉద్యోగం వచ్చిందా అని రెండో ఆమె అడగదు. అడగకూడదని అందరికీ తెలిసిపోయింది.

పనికోసం ఊరు దాటడం మన పక్క కొత్తేమీ కాదు. మన చిత్తూరు జిల్లా నుంచి ఎంతోమంది కోలారు బంగారు గనుల్లో పనికి పోయారు. ఆ గనులు 2001లో మూతపడ్డాయి. ఇప్పుడు బెంగళూరు ఉంది. కుప్పంలో రైలెక్కితే పూట తిరక్కుండా చేరొచ్చు, పండక్కి ఇంటికి రావొచ్చు. చదువు పేరుతో సముద్రం దాటి, చదువు అయ్యాక అక్కడే పని వెతుక్కోవడం అలాంటిది కాదు. దానికీ వందేళ్ళ చరిత్ర ఉంది. అది తలుచుకుంటే నాకు మొదట గుర్తొచ్చేది యల్లాప్రగడ సుబ్బారావుగారు, ఆయనకంటే ముందు ఆయన భార్య శేషగిరిగారు.

సుబ్బారావుగారు 1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్ మూడోసారికి గాని గట్టెక్కలేదు. మద్రాసు మెడికల్ కాలేజీలో చదువు సాగింది మామగారి సాయంతోనే. 1919లో పెళ్ళయింది. ఖద్దరు కట్టుకుని తరగతికి వెళ్ళినందుకు తెల్లదొర ప్రొఫెసరుకు కోపం వచ్చి, ఎంబీబీఎస్ రావలసినచోట చిన్న డిగ్రీ ఎల్ఎంఎస్‌తో సరిపెట్టారు. అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో రోజుల తేడాలో పోయారు. ఇవన్నీ మనసులో పెట్టుకుని, మామగారు సర్దిన డబ్బుతో 1920ల మొదట్లో అమెరికా బోస్టన్‌కు వెళ్ళారు. అప్పుడు శేషగిరిగారు గర్భంతో ఉన్నారు.

హార్వర్డ్‌లో డిప్లొమా చదువుతూ రాత్రిళ్ళు ఆసుపత్రిలో పోర్టరు పని చేశారు. మన పిలకాయలు పెట్రోలు బంకుల్లో చేసే పని లాంటిదే అనుకోండి. డిప్లొమా అయిపోయింది. తిరిగి రావచ్చు. రాలేదు. అక్కడే జీవరసాయన శాఖలో చేరారు. రక్తంలో భాస్వరం కొలిచే పద్ధతి 1925లో వచ్చింది, దానికి ఆయన పేరూ ఫిస్కే పేరూ కలిపే చెబుతారు. 1930లో పీహెచ్‌డీ. ఇంత చేసినా హార్వర్డ్ ఆయనకు స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి మారారు.

ఇక్కడ ఇంట్లో పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. తండ్రి ఆ బిడ్డ ముఖం చూడలేదు.

ఈ వరస చూడండి. 1945లో లెడర్లీలో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసింది. మనం కడుపుతో ఉన్నప్పుడు నర్సమ్మ చేతిలో పెట్టే ఐరన్ మాత్రలో ఉండేది అదే. బోదకాలు మందు కూడా ఆయన బృందం పనే. కడుపుతో ఉన్న భార్యను వదిలి వెళ్ళిన మనిషి, కడుపుతో ఉన్న ఆడవాళ్ళందరికీ పనికొచ్చే మందు ఇచ్చారు. ఆయన్ను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. అలాగని శేషగిరిగారిని త్యాగమూర్తి అనేసి ఊరుకోవడానికీ మనసొప్పదు. అదేమన్నా ఆమె ఎంచుకున్నదా?

ఆయన అక్కడైనా స్థిరంగా ఉన్నారా అంటే అదీ లేదు. భారతీయులు అమెరికా పౌరులు కాలేరని 1923లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. 1946లో చట్టం మారి, ఏడాదికి వందమంది భారతీయులకు వలస వచ్చే వీలు కల్పించారు, పౌరసత్వానికీ దారి తెరిచారు. ఆయన మాత్రం పౌరుడు కాకుండానే 1948 ఆగస్టులో నిద్రలోనే కన్నుమూశారు, 53 ఏళ్ళకే. అప్పటిదాకా ఒక్కసారి కూడా ఇంటికి రాలేదు.

తలుపులు బాగా తెరుచుకున్నది 1965 చట్టం తరవాత. అప్పుడు మన డాక్టర్లు, ఇంజనీర్లు వెళ్ళారు. ఇప్పటి మన పిలకాయల లెక్కలు వేరు. చదువయ్యాక ఓపీటీ 12 నెలలు. సైన్సు, ఇంజనీరింగు, కంప్యూటర్ల వాళ్ళకు 2008లో ఇంకో 17 నెలలు కలిపారు, 2016లో దాన్ని 24 నెలలు చేశారు. మొదటి ఏడాదిలో ఉద్యోగం లేకుండా ఉన్న రోజులన్నీ కలిపి 90 దాటకూడదు. ఆ పైన హెచ్1బీ లాటరీ: 65 వేలు, అక్కడ మాస్టర్స్ చదివినవాళ్ళకు అదనంగా 20 వేలు. బ్రిటన్ అయితే ఇలాంటి వీసాను 2012లో ఎత్తేసి, 2021లో మళ్ళీ ఇచ్చింది. ఆ మధ్య ఏళ్ళలో చదువు ముగిసినవాళ్ళ గతేమిటో ఆలోచించండి.

ఈ లెక్కలు పిల్లలకు తెలుసు. ఇంట్లో తెలియవలసినది ఇంకోటి ఉంది. బ్యాంకు చదువు అప్పుకు మామూలుగా చదువు కాలం, ఆ పైన ఒక ఏడాది గడువు ఇస్తారు. తరవాత కంతులు మొదలు. అంటే అక్కడ ఓపీటీ మొదటి ఏడాది, ఇక్కడ అప్పు గడువు ఇంచుమించు ఒకేసారి అయిపోతాయి. సుబ్బారావుగారికి మామగారు అప్పిచ్చినవాడిలా వాకిట్లో నిలబడలేదు. ఇప్పుడు చాలాసార్లు కాగితాల మీద ఇల్లు తాకట్టు ఉంటుంది, తండ్రి సంతకం ఉంటుంది, చాలా ఇళ్ళలో తల్లి సంతకం కూడా.

కాబట్టి అమ్మలూ, సంతకం పెట్టే రోజునే పిల్లల్ని కూర్చోబెట్టి అడగండి: ఉద్యోగం రాకపోతే ఎన్ని నెలలు చూస్తావు, ఆ నెలల్లో కంతు ఎవరు కడతారు, ఎప్పుడు తిరిగి వస్తావు? కోడలు ఇక్కడే ఉంటే ఆమెనూ ఆ మాటల్లో కూర్చోబెట్టండి. తేదీ ఆమె ముందే అనుకోండి.