చేప చెప్పిన ముక్కు కథ



జలుబు చేసి ముక్కు దిబ్బడ వేస్తే చారైనా, పులుసైనా చప్పగానే ఉంటుంది కదూ! నోట్లో పెట్టుకున్నదాని వాసన అంగిలి వెనకగా ముక్కులోకి చేరితేనే మనకు పూర్తి రుచి తెలుస్తుంది. నోరు మూసుకుని ఊపిరి పీల్చుకోగలగడం కూడా ఆ లోపలి దారి చలవే. మరి ఈ దారి మనకెలా వచ్చిందంటారు?

చేపకు సాధారణంగా ముక్కుకు ఒక్కో పక్కన రెండేసి రంధ్రాలుంటాయి. నీరు ముందుదానిలో దూరి వెనకదాన్లోంచి బయటికి పోతుంది. నోటితో సంబంధం లేదు. నేలమీది వెన్నెముక గల జీవులన్నీ, మనతో సహా, కండ పట్టిన రెక్కలున్న పురాతన చేపల సంతతే. ఆ చేపలకు అప్పటికే లోపలి దారి ఉండేదని స్వీడన్ పండితుడు ఎరిక్ యార్విక్ వంటి పెద్దలు చెప్పేవారు.

1936లో చైనాలో పుట్టిన జాంగ్ మిమాన్ అనే ఆవిడ ఈ మాటను పరీక్షకు పెట్టారు. యున్నాన్ రాష్ట్రంలో దొరికిన, 40 కోట్ల ఏళ్లకు పైబడిన యంగొలెపిస్ అనే చేప పుర్రెను ఆవిడ స్టాక్‌హోంలో పరిశీలించారు. దాని పొడవు 2.8 సెంటీమీటర్లే! మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు అరగదీయడం, బయటపడినదాన్ని మైక్రోస్కోపులో చూసి బొమ్మ గీయడం, ఆ ప్రకారం మైనపు రేకు కత్తిరించడం – ఇలా 540కి పైగా పొరలు, రెండేళ్లు! సానమీద గంధపుచెక్క అరిగినట్టు పుర్రె అరిగిపోయింది. గీత తప్పితే మళ్లీ చూసుకుందామన్నా అసలు మిగలదు.

మైనపు రేకులన్నీ పేర్చి చూస్తే, లోపలి దారి లేనే లేదు! చదువుకోవడానికి వెళ్లిన చోటి పెద్దల మాటకే అది ఎదురు. అయినా 1982లో స్టాక్‌హోం విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పుచ్చుకున్న ఆవిడ, కంటికి కనిపించిందే రాశారు గాని వారి కోసం మార్చలేదు.

తర్వాత యున్నాన్‌లోనే కెనిక్తిస్ అనే 39.5 కోట్ల ఏళ్ల నాటి చేప దొరికింది. దాని వెనక రంధ్రం సరిగ్గా పైదవడ అంచున, పళ్లవరస మధ్య ఉందని 2004లో జు మిన్, పెర్ ఆల్‌బర్గ్ చూపించారు. అంటే బయటి రంధ్రమే తరతరాలుగా జరుగుతూ, పళ్లవరస దాటి, అంగిలిలోకి చేరిందన్నమాట! ప్రకృతి కొత్త ఇల్లు కట్టలేదు, ఉన్న ఇంటి గుమ్మాన్నే జరుపుకుంది.

మహిళా శాస్త్రవేత్తలకిచ్చే లోరియల్–యునెస్కో పురస్కారం 2018లో జాంగ్ మిమాన్‌ను వరించింది. ఓపిక ఆడవాళ్ల సొత్తంటారు. ఆ ఓపికకు ఉన్నదున్నట్టు చెప్పే ధైర్యం తోడైతే, వేలెడంత లేని పుర్రె కూడా పెద్దల మాటను దిద్దగలదు.