గాజుపెంకు పదును

చాకు పదునుకు కారణమేమని అడిగితే లోకం సాధారణంగా దాని లోహాన్ని చూపుతుంది. మేలైన ఉక్కు ఉన్నచోటనే మేలైన పదును ఉంటుందని నమ్మకం. రాతియుగం, కంచుయుగం, ఇనుపయుగం అని మానవచరిత్రను మెట్లుగా పేర్చినవారు ఈ నమ్మకానికి మరింత బలం చేకూర్చారు. ఏ జాతి చేతిలో ఏ వస్తువు ఉన్నదో చూచి, ఆ జాతిని ఆ మెట్టు మీద కూర్చుండబెట్టారు. అండమాను దీవుల చరిత్ర ఈ కొలతను సందేహించవలసినదిగా చేస్తున్నది.

పదును నిజానికి వాదర సన్నదనంలో ఉన్నది. అంచు ఎంత సన్ననైతే చేతిబలం అంత తక్కువ మేర మీద నిలుస్తుంది. వస్తువు అంత సులువుగా తెగుతుంది. ఉక్కు సూక్ష్మమైన రేణువుల కూడిక. దానిని సానపట్టినప్పుడు రాతి గరుకు అంచు మీద సన్నని గీతలు విడుస్తుంది. అంచున పలుచని పొర మడత పడుతుంది. ఎంత నేర్పుతో నూరినా ఆ సన్నదనానికి ఒక హద్దు ఉన్నది. గాజులో అట్టి రేణువులు లేవు. అది ఆలిచిప్ప లోపలి వంపు వలె నునుపుగా పగులుతుంది. పగిలిన రెండు ముఖాలు కలిసే చోట అంచు మిల్లీమీటరులో లక్షోవంతు కంటె సన్నగా ఉండగలదు. అగ్నిపర్వతాలలో పుట్టే నల్లని గాజురాతి పెచ్చులను ఇరవయ్యవ శతాబ్దంలో కొందరు శస్త్రవైద్యులు వాడి చూచినది ఇందువల్లనే.

అండమాను స్త్రీలు ఈ గుణాన్ని ఎరిగి వాడుకున్నారు. 1858లో ఆంగ్ల ప్రభుత్వం పోర్టు బ్లేరులో, అంటే 2024లో శ్రీ విజయపురమని పేరు మారిన పట్టణంలో, ఖైదీల వలసను నెలకొల్పింది. అక్కడ ఉద్యోగిగా ఉన్న ఎడ్వర్డ్ హోరేస్ మాన్ 1883లో ప్రకటించిన రచనలో ఈ పనిని వివరించాడు. తెల్లని పలుగురాళ్లు రెండు తీసుకొని, ఒకదానిని కాల్చి చల్లారనిస్తారు. దానిని గట్టిగా పట్టుకొని రెండవ రాతితో అడ్డంగా కొడతారు. కొద్దిసేపటిలోనే అనేక పెచ్చులు రాలుతాయి. కత్తివంటి అంచు గలవి క్షౌరానికి; సన్నని మొన గలవి ఒంటి మీద అలంకారపు గాట్లు పెట్టడానికి. ఒకసారి వాడిన పెచ్చును మళ్లీ వాడరు. ఎవరి కాలికీ గుచ్చుకొనకుండా చెత్తకుప్పలో వేస్తారు. ఈ పని సాధారణంగా స్త్రీలదే.

వలస వచ్చిన తరువాత సీసాలు విరివిగా దొరికినవి. స్త్రీలు పలుగురాతికి బదులు సీసాగాజును అదే నేర్పుతో చెక్కసాగారు. ఇనుము వారికి తెలియక కాదు. పగిలిన ఓడల నుండి దొరికిన ఇనుమును వేడి చేయకుండానే రాతితో సాగగొట్టి, ఇసుకరాతి మీద నూరి, బాడిసలకు, బాణపు ములుకులకు వాడేవారు. దుంగను తొలిచి పడవ చేసే బాడిసకు దెబ్బ ఓర్చుకొనే గుణం కావాలి. అది ఇనుములో ఉన్నది. తల గొరగడానికి సన్నని అంచు చాలును; అది గాజులో ఉన్నది. గాజు పెళుసు; అంచు త్వరగా విరుగుతుంది. అయినా క్షణంలో మరొక పెచ్చు తీయగల చేతికి అది పెద్ద లోపం కాదు. పనిని బట్టి వస్తువును ఎన్నుకొన్న వివేకం ఇది. దీనిని ఒక మెట్టు మీద కట్టివేయడం సాధ్యం కాదు.

ఆ చెత్తకుప్పలే నేడు చరిత్రకు ఆధారాలు. దక్షిణ అండమానులోని చౌల్దారి వద్ద గుల్లల దిబ్బను పురావస్తు పరిశోధకురాలు జరీన్ కూపర్ త్రవ్వి పరిశీలించారు. అక్కడి నివాసం రెండువేల సంవత్సరాలకు పైబడినదని తేలినది. తిని పారవేసిన గుల్లలు, పంది ఎముకలు, కుండపెంకులు పొరలు పొరలుగా పేరుకొన్న ఇట్టి దిబ్బలు దీవులలో అనేకం ఉన్నవి. గ్రంథాలు వ్రాసుకొనని జాతికి అవే పత్రాలు.

అయితే సీసాలు తెచ్చిన ఓడలే రోగాలనూ తెచ్చినవి. 1877లో పొంగు వ్యాధి గ్రేట్ అండమానీయులలో వ్యాపించి ఎందరినో బలిగొన్నది; సుఖవ్యాధులు మిగిలినవారిని క్రుంగదీసినవి. 1858లో కొన్ని వేలుగా ఉన్నారని అంచనా వేయబడిన ఆ జనం 1901 జనగణనలో 625 మంది. 1961లో కేవలం 19 మంది. గాజు కొరత వల్ల ఆ విద్య అంతరించలేదు. ఏ చోట, ఏ వాలున, ఎంత బలంతో కొట్టాలో తల్లి చేతిని చూచి కూతురు నేర్చుకొనే విద్య అది. నేర్పే తల్లులూ నేర్చుకొనే కూతుళ్లూ కరువైనందువల్ల అంతరించినది. పెచ్చు దిబ్బలో చెడకుండా నిలుస్తుంది. దానిని రాల్చిన చేతి ఒడుపు మాత్రం మనిషితోనే పోతుంది.