పెరటి సాగు ఎవరిది?

"తులసి వనంలో గంజాయి మొక్క" అన్న మాట వినకుండా పెరిగిన ఆడపిల్ల తెలుగునాట ఉండదేమో. మా అమలాపురం వైపు కులం కాని వాణ్ణి ఇష్టపడ్డ పిల్లనీ, అత్తింటి నుంచి తిరిగొచ్చేసిన పిల్లనీ, పెద్దలకు ఎదురుచెప్పిన కోడలినీ ఈ ఒక్క సామెతతోనే కొలిచేస్తారు. మంచి మొక్క ఏదో, చెడ్డ మొక్క ఏదో తేల్చే తొందరలో మనం ఒక సంగతి వదిలేస్తున్నాం. ఒకప్పుడు ఈ రెండు మొక్కలూ ఇళ్ళ ఆవరణల్లోనే పెరిగాయి. వాటికి నీళ్ళు పోసిన చెయ్యి ఎవరిది? ఈ వ్యాసంలో నేను వెతుకుతున్నది ఆ చేతిని.

ముందే చెప్పాలి, కోనసీమ గంజాయి సీమ కాదు. గోదావరి పాయల మధ్య ఒండ్రు నేల ఇది. నీరు నిలిచే చోట ఆ మొక్క వేరు కుళ్ళిపోతుంది. నీరు జారిపోయే కొండవాలు దానికి నప్పుతుంది. అందుకే ఇప్పుడు దాని పేరు తూర్పు కనుమలతో ముడిపడి వినిపిస్తోంది. ఆ కొండల్లో ఒక భాగమైన రంపచోడవరం ఏజెన్సీ, మా కోనసీమ 2022 ఏప్రిల్ దాకా ఒకే తూర్పు గోదావరి జిల్లాలో ఉండేవి. కానీ పెరడు సంగతి మాట్లాడాలంటే కోనసీమ నుంచే మొదలుపెట్టాలి. కొబ్బరి చెట్ల నీడన కంద, పసుపు, అరటి, బావి పక్కన కరివేపాకు, కోట కట్టిన తులసి. పాదు చేయటం, కలుపు లాగటం, చామంతి గుబురుగా రావాలని తల గిల్లటం, తులసి ముదిరిపోకుండా వెన్నులు తుంచటం, అన్నీ ఆడవాళ్ళ పనులే. నది అవతల కడియం నర్సరీల్లో ఆ చామంతి తలనే గిల్లితే కూలి ఇస్తారు. ఇంట్లో గిల్లితే అది కాలక్షేపం. సాగు అన్న మాట పొలానికే గాని పెరటికి లేదు.

పెరటి గంజాయి ప్రభుత్వ కాగితాల్లోకి పెద్ద ఎత్తున ఎక్కింది 1893-94లో. బ్రిటిష్ పార్లమెంటులో విలియం కెయిన్ లేవనెత్తిన ప్రశ్నతో ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్ ఏర్పడింది. మాక్‌వర్త్ యంగ్ అధ్యక్షుడు. ఆయనతో కలిపి ఏడుగురు సభ్యులు, ఏడుగురూ మగవాళ్ళే. 70 ప్రశ్నలు తయారుచేశారు. 1,193 మంది సాక్ష్యం తీసుకున్నారు. మితంగా వాడితే పెద్ద హాని లేదని తేల్చారు గాని, సాగును లైసెన్సు కిందికి తెచ్చి కొద్ది చోట్లకే పరిమితం చేయాలని సిఫారసు చేశారు. మద్రాసు ప్రెసిడెన్సీలో అప్పటి కృష్ణా జిల్లా బాపట్ల తాలూకా దగ్గుబాడు లాంటి కొన్ని చోట్ల అమ్మకానికి పండించేవారు. మిగతా చోట్ల ఇళ్ళ దొడ్లలో అక్కడక్కడా కొన్ని మొక్కలు. పశువుల వైద్యానికి వాడేవారన్న సంగతీ ఆ నివేదికలో ఉంది. పశువుల పాక ఊడ్చేదెవరో, పెరట్లోంచి ఆకు తుంచి తెచ్చేదెవరో మాత్రం ఆ 70 ప్రశ్నల ధ్యాస కాదు. పెరటి చెట్టు మందుకు రాదంటారు. పెరటి మనిషి సాక్ష్యానికీ రాలేదు.

వాళ్ళు గుర్తించిన నిపుణుడు వేరే ఉన్నాడు. బెంగాల్లోని నవగావ్ ప్రాంతంలో, ఇప్పటి బంగ్లాదేశ్‌లో, గంజాయి పెద్ద పంట. డేవిడ్ ప్రెయిన్ 1893లో దాని గురించి వివరంగా నివేదిక రాశాడు. ఈ మొక్కలో ఆడ, మగ వేరువేరు. మత్తు ఇచ్చే జిగురు ఆడ పూతలో ఎక్కువ. పుప్పొడి సోకి గింజ కట్టిందంటే సరుకు విలువ పడిపోతుంది. అందుకని మగ మొక్కల్ని పూయకముందే పోల్చి పీకేయటానికి పొద్దార్ అనే వాణ్ణి డబ్బిచ్చి పిలిచేవారు. ఇంగ్లీషు వాళ్ళు అతన్ని ఏకంగా 'గంజాయి డాక్టరు' అన్నారు. కింది కొమ్మలు కత్తిరించి మొక్కను పైకి సాగనిచ్చేవారు. ఈ నేర్పంతా ఆడ మొక్కను పూయనిచ్చి, గింజ కట్టకుండా ఆపటంలోనే ఉంది. ఇక్కడ తులసి గుర్తొస్తుంది. తులసికి ఏటా క్షీరాబ్ది ద్వాదశి నాడు పెళ్ళి చేస్తాం. గంజాయిని జన్మంతా కన్యగా ఉంచుతారు. సామెతలో ఎదురెదురుగా నిలబెట్టిన ఈ రెండింటిలో ఏది ఎప్పుడు కాయాలో నిర్ణయించేది పెంచేవాళ్ళే.

పేర్ల కథ ఇంకా విచిత్రం. ఇంగ్లండు రైతులు జనపనార కోసం ఇదే జాతి మొక్కను పండించేవారు. అందులో సన్నగా ఉండి త్వరగా వాడిపోయేదాన్ని 'ఫింబుల్' అన్నారు. లాటిన్‌లో ఆడది అనే మాట నుంచి వచ్చింది అది. బలంగా పెరిగి గింజలిచ్చేదాన్ని 'కార్ల్' అన్నారు, అంటే మగవాడు. వృక్షశాస్త్రం ప్రకారం తిరగబడ్డ పేర్లివి. గింజ కట్టేదే ఆడది. మొక్కల్లో లైంగికత ఉందని కామెరేరియస్ జర్మనీలో 1694లో ప్రయోగాలతో చూపించాక కూడా ఆ పేర్లు అలాగే నిలిచాయి. బలం ఉన్నది మగే అయి ఉంటుందన్న నమ్మకం ముందు, కళ్ళెదుట రాలుతున్న గింజ సరిపోలేదు.

ఇక మన కాలానికి వద్దాం. 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా ఆంధ్రప్రదేశ్ హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో వాటా ఇచ్చింది. అదే ఏడాది నవంబరు 14న దేశమంతటా మాదకద్రవ్యాల చట్టం అమల్లోకి వచ్చింది. అనుమతి లేకుండా గంజాయి మొక్కను పెంచితే పదేళ్ళ దాకా కఠిన కారాగారం, లక్ష రూపాయల దాకా జరిమానా. ఒక్క మొక్కయినా అంతే. ఈ చట్టంలో నన్ను ఆపింది 54వ సెక్షన్. ఒక మనిషి సాగుచేసిన నేలలో గంజాయి మొక్క ఉండి, దానికి ఆ మనిషి సరైన సంజాయిషీ ఇవ్వలేకపోతే, నేరం చేసినట్టే కోర్టు అనుకోవచ్చు. నేల ఎవరి పేరున ఉందన్నది కాదు, ఎవరు సాగు చేశారన్నదే అక్కడ లెక్క.

ఇప్పుడు ఆ చెయ్యి కనిపిస్తుంది. ఇంటివాడకానికి పెరటి తోట చూసుకునే స్త్రీని జాతీయ నమూనా సర్వేలు దశాబ్దాలుగా ఇంటిపని ఖాతాలోనే వేశాయి, శ్రామికురాలిగా లెక్కించలేదు. 1991 జనగణన దాకా కుటుంబ సేద్యంలో జీతం లేని పనిని ప్రశ్నలోనే స్పష్టంగా చేర్చలేదు. చాలా ఇళ్ళలో పట్టాదారు పాసు పుస్తకంలో పేరు మగవాడిదే. కూలి అడిగినప్పుడు, వాటా అడిగినప్పుడు, రైతునని చెప్పుకున్నప్పుడు సాగు కాని పని, కొడుకో మొగుడో తెచ్చి నాటిన మొక్కకు రోజూ నీళ్ళు పోసిన పాపానికి సాగు అయిపోగలదు. తనకు తెలియదని చెప్పుకోవాల్సిన భారమూ ఆమెదే.

ఇది గంజాయిని వెనకేసుకొచ్చే వాదన కాదు. మత్తుకు లోబడిన కొడుకుల్ని చూసి ఏడుస్తున్న తల్లులు మా రాజోలు, కొత్తపేట వైపు కూడా ఉన్నారు. 2022 ఫిబ్రవరి 12న అనకాపల్లి దగ్గర రెండు లక్షల కిలోల గంజాయిని పోలీసులు తగలబెట్టినప్పుడు మనం పేపర్లలో కిలోలు చదివాం. ఆ మొక్కల మధ్య కలుపు తీసిన ఆదివాసీ స్త్రీకి రోజుకెంత ముట్టిందో, వద్దనగల స్థితి ఆమెకుందో లేదో కూడా చదవాల్సింది. 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'లో స్త్రీ శక్తి సంఘటన తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ళ దగ్గర కూర్చుని వాళ్ళ మాటల్లోనే చరిత్ర రాబట్టింది. పెరటికీ అలాంటి చరిత్ర కావాలి. పదేళ్ళ జైలు శిక్ష దగ్గర పెరటి పని సాగే అయితే, పాసు పుస్తకంలోనూ, జనగణనలోనూ, పంట నష్టం రాసుకునేటప్పుడూ అది సాగే కావాలి.