చెప్పుకొన్న కష్టము

ధైర్యము పుట్టుకతో వచ్చునదనియు, అది లేనివానికి నెవ్వరు నియ్యజాలరనియు మనలో పెక్కుమంది నమ్ముచుందురు. కష్టము వచ్చినప్పుడు నోరు మెదపక యోర్చుకొనువానినే ధీరుడందురు. "ఇంటిగుట్టు లంకకు చేటు" అను సామెత యీ నమ్మకమునకు కావలి కాయుచున్నది. కాని "చెబితే మానము పోవును, చెప్పకపోతే ప్రాణము పోవును" అని మరియొక సామెతయు మన పెద్దలే చెప్పియున్నారు. ఈ రెంటిలో మొదటిదానిని మాత్రమే మన యిండ్లలో పిల్లలకు నేర్పుచున్నాము. రెండవదానిలోని సత్యమును గోదావరీతీరమందలి యొక విద్యార్థిలోకము తన చరిత్రమున నెట్లు చూపినదో వివరించుట యీ వ్యాసమున మా యుద్దేశము.

ఈ సంగతికి మూలము మన యాదికావ్యముననే కలదు. జూదమున రాజ్యము పోగొట్టుకొని కామ్యకవనమున నున్న ధర్మరాజు, తన్ను చూడవచ్చిన బృహదశ్వ మహామునిని, తనవంటి దుఃఖభాగి లోకమున మరియొకడు కలడా యని యడిగెను. ముని వేదాంతము బోధింపలేదు. నలుని కథ చెప్పెను. ధర్మరాజునకు తమ్ములు తోడుండిరి. నలుడో, యేకాకియై యడవులబట్టి తిరిగెను. కథ ముగిసిన పిదప ముని యక్షహృదయమను విద్యను గూడ ధర్మరాజున కుపదేశించెను. కథవలన మనస్సు కుదుటబడెను. విద్యవలన మరల నోడిపోవుదునను భయము తొలగెను. ఈ రెండును జతగా నుండుట గమనింపదగినది. పదునొకండవ శతాబ్దమున రాజరాజనరేంద్రుని కొలువున నన్నయభట్టు ఈ నలోపాఖ్యానమును తెలుగు చేసెను. కష్టపడువానికి కథ చెప్పుట యను సంప్రదాయము రాజమహేంద్రవరమునకు వేయియేండ్లనాటి సొత్తు.

ఇక విద్యాలయము మాట. ధవళేశ్వరపు టానకట్ట 1852లో పూర్తి యయ్యెను. కాలువలు పారి, పొలములు పండి, కొడుకులను చదువునకు పంపగల గృహస్థులు డెల్టాలో పెరిగిరి. 1853లో రాజమహేంద్రవరమున జిల్లా పాఠశాలగా మొదలైన విద్యాలయము క్రమముగా కళాశాలయై, 1857లో వెలసిన మద్రాసు విశ్వవిద్యాలయమునకు ననుబంధమయ్యెను. 1926లో స్థాపింపబడిన యాంధ్రవిశ్వవిద్యాలయమునకును, 2006లో నన్నయ పేరనే యేర్పడిన విశ్వవిద్యాలయమునకును చెందినవారు తరువాతి తరములవారు. ఆ తొలికాలపు విద్యార్థుల స్థితి యెట్టిది? పల్లెను విడిచి, బంధువుల పంచనో, వారములు చేసికొనియో చదువుకొనువారు పలువురు. మీసము మొలవకముందే పెండ్లి. ఇంట అప్పు. ఎదుట పరాయిభాషలో పరీక్ష. వీరిని నిలిపినది యేది? తల్లిదండ్రుల యాశయు, ఉద్యోగముపై కోరికయు కొంతవరకు నిజమే. దానికి తోడు, ఒకే యవస్థలోనున్నవారు ఒకచోట చేరి తమ యవస్థను తాము చెప్పుకొనుటయు వారికి బలమైనదని మేము తలంతుము.

దీనికి తొలిసాక్షి కందుకూరి వీరేశలింగము పంతులుగారు. 1848లో పుట్టి, నాలుగేండ్ల ప్రాయమున తండ్రిని పోగొట్టుకొనిన యీయన, 1874లో వివేకవర్ధనిని స్థాపించి, పిమ్మట కళాశాలలో తెలుగు పండితుడై, 1879లో వితంతు వివాహమును గూర్చి బహిరంగముగ నుపన్యసించెను. పరాశరస్మృతి వచనముల మీది వాదము పండితులకొరకు. విద్యార్థులను కదల్చినది వేరు. తలచెడి, మూలగదిలో కూర్చుండిన యక్కయో మేనత్తయో లేని యిల్లు ఆనాడు అరుదు. ప్రతివాడును తన యింటి మాటయే యనుకొని దాచుకొన్నదానిని, ఒక పండితుడు సభలో నిలిచి ఊరి మాటగా చెప్పెను. దాచుకొన్నప్పుడు సిగ్గుగా నుండినది, పదిమందిలో చెప్పబడినప్పుడు పనిగా మారెను.

1881 డిసెంబరు 11వ తేదీన పంతులుగారి యింట గోగులపాటి శ్రీరాములుగారికి జరిగిన మొదటి వితంతు వివాహమున ఈ మార్పు ప్రత్యక్షమయ్యెను. కాకినాడ వర్తకులైన పైడా రామకృష్ణయ్యగారు ధనమిచ్చిరి. కాని యూరివారు ఎదురు తిరిగిన యా దినములలో కావలి నిలిచి, పనులు మోసినవారిలో విద్యార్థులు ముఖ్యులు. నాలుగు దినములకే రెండవ వివాహమును జరిగెను. పిదప పీఠాధిపతుల బహిష్కారపత్రికలు వచ్చెను. తోడుపడిన పెద్దలలో పలువురు ప్రాయశ్చిత్తము చేసికొని తొలగిపోయిరి. పంతులుగారు నిలిచిరి.

ఆయన 1911లోను, 1915లోను రెండు భాగములుగ ప్రకటించిన స్వీయచరిత్రము తెలుగున నాత్మకథలకు దారి తీసినది. అందు జయములు మాత్రమే యున్నచో మనకు దానివలన ప్రయోజన మల్పము. నమ్మినవారు వెనుదీయుట, ఉపకారము పొందినవారు దూషించుట, దేహము రోగములపాలగుట, అన్నియు నందున్నవి. సంస్కర్త ఒంటరియగుట వింత కాదనియు, ఒంటరియైనవాడు కూడ పని సాగింపవచ్చుననియు చదువువారికి తెలియుచున్నది.

రెండవ సాక్షి చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు. ఖండవల్లిలో 1867లో జన్మించి, వీరవాసరము, నరసాపురము బళ్ళలో చదివి, 1889లో రాజమహేంద్రవరమున మెట్రిక్యులేషను ముగించిరి. బాల్యమునుండియు రేచీకటి. దీపము వెలుతురున చదువుకొను భాగ్యము లేని బాలునికి ఇతరులు చదివి వినిపించుటయే చదువు. తరువాత చూపు పూర్తిగ పోయినను, తాము చెప్పగా నొకరు వ్రాయుచుండగనే నాటకములు, నవలలు, పత్రికలు నడపిరి. వార్ధకమున స్వీయచరిత్రము నట్లే చెప్పిరి. ఒకరి కంఠము, మరియొకరి చెవి, వేరొకరి చేయి కలిసి యొక జీవితమును నిలిపినవి. ఓర్పు ఆయన దే. కాని యది ఒంటిగా పెరిగిన చెట్టు కాదు.

మూడవ సాక్షి టంగుటూరి ప్రకాశము పంతులుగారు. 1872లో పుట్టిన యీయన చిన్నతనముననే తండ్రిని కోల్పోయెను. తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్ళ యిల్లు నడపి కొడుకును పెంచెను. ఉపాధ్యాయుడైన ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారు ఆ బాలుని చేరదీసి, తనతో రాజమహేంద్రవరమునకు తెచ్చి చదివించెను. నాయుడుగారి నాటకసమాజమునకు చిలకమర్తివారు నాటకములు వ్రాసిరి. ప్రకాశముగారు వేషములు కట్టిరి. పూటకూళ్ళ యింటి పిల్లవాడు రాజవేషమున రంగస్థలమున నిలుచుట పైకి వినోదమే. కాని పరుల కష్టమును తన కంఠమున పలికినవానికి తన కష్టమును నిర్భయముగ చెప్పుకొను శక్తి యలవడును. తరువాత ఆ నగరమునకే పురపాలకాధ్యక్షుడై, 1953లో ఆంధ్రరాష్ట్రమునకు మొదటి ముఖ్యమంత్రియైన యాయన, తల్లి పూటకూళ్ళ వృత్తిని తన జీవితయాత్రలో దాచలేదు. పరువు పోవునని మనము దాచు సంగతులను గూర్చి యిది తలపోయదగినది.

1907లో బిపినచంద్రపాలుగారు రాజమహేంద్రవరమునకు వచ్చి యుపన్యసించిరి. చిలకమర్తివారు వాని నాంధ్రీకరించిరి. విద్యార్థులు వందేమాతర పతకములు ధరించి తరగతులకు పోగా, కళాశాలాధ్యక్షుడు మార్కు హంటరు వారిని శిక్షించెను. ఉపాధ్యాయ శిక్షణ పొందుచున్న గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు వెడలగొట్టబడిరి. మరుసటి యేడు స్వరాజ్య పత్రికలోని వ్రాతకు చెరసాల పాలైరి. సర్కారు కొలువు తలుపు మూసికొనిన యా యువకుడు చిన్నబోయి యింట కూర్చుండలేదు. గ్రంథాలయోద్యమమునకును వయోజనవిద్యకును జీవిత మర్పించెను. ఒకడు చదువగా పదుగురు విను పల్లె పఠనమందిరము, అక్షరము రానివాని కష్టమునకు కూడ కథలో చోటిచ్చిన స్థలము.

ఈ చరిత్రలో ఒక పెద్ద లోపము కలదు. చెప్పుకొన్నవారందరును పురుషులే. ఊరివారు వెలివేసి, వంటవారును నీళ్ళు మోయువారును మానివేసినప్పుడు వీరేశలింగముగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు స్వయముగ గోదావరినుండి నీళ్ళు తెచ్చి, వివాహములకు వచ్చినవారికి వండి పెట్టిరి. దిక్కులేని వితంతు బాలికలను కన్నబిడ్డలవలె సాకిరి. 1910లో ఆమె దివంగతురాలయ్యెను. ఆమె కథను మన మెక్కువగ భర్తగారి వ్రాతలనుండి యెరుగుదుము. పెండ్లికూతుండ్ర మాటలు ఆ గ్రంథములలో నింకను నరుదు. ఎవరి కష్టము నివారించుటకు సభలు జరిగెనో వారి కంఠము సభలో వినబడలేదు. గోదావరి మండలమునకు వెలుపల, బండారు అచ్చమాంబగారు (1874–1905) ఈ కొరతను కొంత తీర్చిరి. కన్నబిడ్డలను పోగొట్టుకొనియు, ఆమె యితర స్త్రీల చరిత్రములను సేకరించి అబలా సచ్చరిత్ర రత్నమాలగ కూర్చి, ఊరూరను స్త్రీసమాజములు నెలకొల్ప పాటుపడిరి.

ఇప్పటి మాట చెప్పుకొందము. నేడు కోనసీమ లంకలనుండియు, మన్యపు గూడెములనుండియు బాలబాలికలు రాజమహేంద్రవరమునకు, కాకినాడకు, భీమవరమునకు చదువులకై వచ్చుచున్నారు. వారములు పోయినవి, వసతిగృహములు వచ్చినవి. 1996 నవంబరు తుపానున కొబ్బరితోటలు కూలిన యిండ్ల బిడ్డలు కొందరు. తమ వంశమున మొదట కళాశాల మెట్లెక్కినవారు కొందరు. బడిపంతుళ్ళమైన మేము చూచుచున్న దేమనగా, పరీక్ష తప్పినవాడు, రుసుము కట్టలేనివాడు, తోటివారి భాషను చూచి బెదరినవాడు, తానొక్కడే యిట్టివాడనని తలచి కుమిలిపోవును. ప్రక్కమంచము మీదివాడును అదే తలచుచుండును. ఒక్క గోడయైన లేని చోట ఇంత దూరమేల?

కావున ప్రతి విద్యాలయమున నెల కొక సాయంకాలమైన నిట్టి గోష్ఠి జరుగవలెనని మా మనవి. మొదట ఉపాధ్యాయుడు మాటాడవలెను. తాను గెలిచిన పోటీలను గాక, తప్పిన పరీక్షను చెప్పవలెను. వినువారు నవ్వరాదు, విన్నది బయట చెప్పరాదు. ఇష్టము లేనివానిని బలవంతపెట్టరాదు. ఆడపిల్లలకు తమ మాట తాము చెప్పుకొను చోటు తప్పక యుండవలెను. లంకకు చేటు తెచ్చిన గుట్టు వేరు, ఇంటిలోని దుఃఖము వేరు. మొదటిది శత్రువునకు చెప్పబడినది, రెండవది మిత్రునకు చెప్పుకొనవలసినది.

ఇంతమాత్రమున సర్వము చక్కబడునని మేము చెప్పము. నలుని కథతో నూరకొనక, బృహదశ్వుడు విద్యను గూడ నిచ్చెనని పైన వ్రాసితిమి. రుసుము కట్టలేనివానికి కథ చాలదు, రూకలు కావలెను. నిద్రాహారములు మాని, బ్రతుకుపై విరక్తి పుట్టినవానికి స్నేహితుల మాటతోపాటు వైద్యుని సాయము వెంటనే కావలెను. 1881లో విద్యార్థులు విని యూరకున్నచో ఆ పెండ్లి జరిగియుండదు. వారు విని, లేచి, కావలి నిలిచిరి. విన్నవాడు చేయి చాచిననాడే చెప్పినవాని ధైర్యము నిలుచును.