రైఫిల్‌కు మజిల్ బ్రేక్: భుజానికి మేలు, చెవికి చేటు

బాగేపల్లి, చింతామణి, గుడిబండ వైపు శెనక్కాయ చేలకు అడవిపందుల బెడద కొత్త కాదు. పంట కాపలాకు లైసెన్స్ తుపాకి ఉన్న ఇళ్లవారు మజిల్ బ్రేక్ గురించి తెలుసుకోవాల్సిన సంగతులివి.

ఏమిటిది?
గొట్టం చివర బిగించే, పక్కల రంధ్రాలున్న లోహపు ముక్క. 1999 కార్గిల్ యుద్ధంలో వాడిన బోఫోర్స్ ఫిరంగి మూతి దగ్గర కనిపించేది ఇదే.

ఎలా పనిచేస్తుంది?
గుండు వెనకే మందు పొగ ముందుకు దూసుకొస్తుంది. ఆ వేగానికి తుపాకి మరింత గట్టిగా వెనక్కి తన్నుతుంది. బ్రేక్ ఆ పొగను పక్కలకు మళ్లిస్తుంది కాబట్టి తన్ను తగ్గుతుంది.

లాభాలు
• భుజం నొప్పి తగ్గుతుంది.
• మూతి పైకి లేవడం తగ్గి, గురి త్వరగా కుదురుతుంది.

నష్టాలు
• శబ్దం పెరుగుతుంది. 140 డెసిబెల్స్ దాటిన చప్పుడు ఒక్కసారికే చెవిని దెబ్బతీయగలదు. మామూలు రైఫిలే 150 దాటుతుంది. బ్రేక్ ఉంటే కాల్చేవారి చెవికి సాధారణంగా మరో 5 నుంచి 10 కలుస్తాయి. 3 పెరిగితేనే శబ్దశక్తి రెట్టింపు.
• పొగ పక్కలకు కొడుతుంది కనుక, పక్కన నిల్చున్నవారికి దెబ్బ ఎక్కువ. చేలో తోడు వచ్చిన కొడుకో, కూలి మనిషో ఆ చోటే ఉంటారు.
• నేలకు దగ్గరగా కాలిస్తే దుమ్ము లేచి చూపు మూసుకుపోతుంది.
• తుపాకి పొడవు, బరువు పెరుగుతాయి.

దీన్ని సైలెన్సర్ అనుకోవడం పొరపాటు. రెండూ చేసే పని వేరు.

ఎవరికి అవసరం?
తన్ను ఎక్కువగా ఉండే పెద్ద రైఫిళ్లకే దీని ప్రయోజనం. .22 రైఫిల్‌కు తన్నే తక్కువ, కాబట్టి దండగ. హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో రైఫిల్ విభాగంలో కాంస్యం గెలిచారు. ఆ పోటీలకు వర్తించే అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య నిబంధనలు రైఫిల్‌కు మజిల్ బ్రేక్‌ను ఒప్పుకోవు.

చట్టం
1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్స్ లేనివారు తుపాకిని మార్చకూడదు, మరమ్మతు చేయకూడదు. ఊళ్లో లేత్ మెషిన్ దగ్గర మర కోయించడం నేరానికి దారి. పైగా రంధ్రం కాస్త పక్కకు పోయినా గుండు బ్రేక్‌కు తగిలి ప్రమాదం జరగవచ్చు.

బ్రేక్ ఉన్న రైఫిల్ కాల్చేటప్పుడు చెవిలో ప్లగ్గు, పైన ఇయర్ మఫ్ రెండూ పెట్టుకోవాలి. తోడున్నవారికీ పెట్టించి, పక్కన కాకుండా బాగా వెనక నిలబెట్టాలి. భుజం నొప్పి నాలుగు రోజుల్లో పోతుంది. పోయిన వినికిడి తిరిగి రాదు.