ఆరుబయటి పడకసంచి చరిత్ర

పర్వతములయందును అరణ్యములయందును ఒంటరిగా సంచరించు పథికునకు రాత్రి తలదాచుకొను చోటు మొదటినుండియు నొక చిక్కుగానే యున్నది; గుడారము మోసికొని పోదమన్న భుజములోర్వవు, విడిచి పోదమన్న దేహమును వానకును మంచునకును అప్పగింపవలసి వచ్చును. ఈ చిక్కు తీరుటకై పాశ్చాత్యులు నూఱేండ్లకు పైగా చేసిన ప్రయత్నముల ఫలమే నేడు బివీ బ్యాగని వ్యవహరింపబడుచున్న సంచి. పడకసంచితోగూడ మనుజుడు దూరి పరుండుటకు చాలినంత మాత్రమైన యీ తొడుగు చరిత్రయంతయు రెండువిధములైన తడితో జరిగిన పోరాటమే: ఒకటి వెలుపలినుండి పడు వాన, రెండవది లోపలినుండి వెడలు చెమటయు నూపిరియు.

మొదటి తడిని జయించినవాడు గ్లాస్గో నగరపు రసాయనవేత్త చార్లెస్ మాకింతోష్. నాఫ్తాయందు కరగించిన రబ్బరును రెండు గుడ్డల నడుమ పొరగా నిలిపి, వానచుక్క చొరని వస్త్రమునకు ఆతడు 1823లో పేటెంటు పొందెను. 1861లో ఫ్రాన్సిస్ ఫాక్స్ టకెట్ అను ఆంగ్లేయ పర్వతారోహకుడు ఆల్ప్స్ యాత్రలకై కంబళి పడకసంచి నొకదానిని పరీక్షించెను. కొలదియేండ్లలో దాని యడుగున రబ్బరు గుడ్డ చేరి, నేలతడి పైకెక్కకుండ కాపాడ నారంభించెను. అయితే వానను రానీయని గుడ్డయే దేహమునుండి వెడలు ఆవిరిని పోనీయదు. నిద్రించువాని శ్వాసయు చెమటయు చల్లని గుడ్డను తాకి నీరై, వాన లేని రాత్రియందును పడకను తడుపును. నిండుగా రబ్బరుతో మూసిన సంచి సుఖనిద్రకు గాక ఆపద్రక్షణకే తగియుండుటకు ఈ భౌతికధర్మమే కారణము.

గుడారమును కాదని సంచిని బుద్ధిపూర్వకముగా నెన్నుకొన్న బాటసారులలో రాబర్ట్ లూయీ స్టీవెన్సన్‌కు అగ్రస్థానము నీయవలెను. 1878 శరత్కాలమున ఫ్రాన్సు దేశపు సెవెన్ కొండలలో 12 దినములు సంచరించిన యా స్కాట్లండు రచయిత, వెలుపల ఆకుపచ్చని జలనిరోధక బండిగుడ్డయు లోపల నీలి గొఱ్ఱెబొచ్చును గల పెద్దసంచిని కుట్టించుకొనెను. ఒంటరివానికి గుడార మెత్తుటయు దించుటయు శ్రమయే గాక, అది సామానులో కనబడినంతనే వీడు రాత్రి బయట పరుండబోవుచున్నాడని దారిన పోవువారందఱికిని తెలిసిపోవుననియు, సంచి యన్ననో పగలు సామాను నింపుకొనుటకును రాత్రి పరుండుటకును ఉపకరించుననియు నాతని వాదము. వాదము సమంజసమే గాని సంచి బరువు దుర్వహము. దానిని మోయుటకు మొడెస్టీన్ అను గాడిదను 65 ఫ్రాంకులిచ్చి కొనవలసివచ్చెను. 1879లో వెలువడిన ఆతని యాత్రాగ్రంథము ఆరుబయటి నిద్రను ఇంగ్లీషు చదువరులకు ప్రియమొనర్చెను. సంచిని మనుష్యుడే మోయగలంత తేలిక చేయుట తరువాతివారి పని యయ్యెను.

ఆ పనికి పర్వతారోహకులు పూనుకొనిరి. ఆస్ట్రియాలో స్కీ విద్యకు మార్గదర్శియైన మతియాస్ జ్దార్స్కీ పేర ప్రసిద్ధమైన సంచి, ప్రక్కప్రక్కన కూర్చున్నవారు తలమీదుగా దించుకొనదగిన పలుచని తొడుగు. 1938 జూలైలో ఐగర్ శిఖరపు ఉత్తరముఖమును తొలిసారి యధిరోహించిన నలుగురిలో హైన్రిఖ్ హారర్, ఫ్రిట్జ్ కాస్పరెక్ అనువారు ఇరుకైన ఱాతి అంచులపై ఇట్టి సంచిచాటుననే రాత్రి గడపిరి. 1935లో పెటీ ద్రూ శిఖరపు ఉత్తరముఖమును జయించిన ఫ్రెంచి వీరుడు పియేర్ అలాఁ మఱియొక మార్గము త్రొక్కెను: పైమేనికి నూగుటీకల కోటు ఎట్లును ఉండగా, పడకసంచి నడుము దిగువకు చాలునని గ్రహించి, బరువు తగ్గించెను.

ఐనను లోపలి తడి జయింపబడలేదు. 1969లో అమెరికాలోని డెలవేర్ రాష్ట్రమున రాబర్ట్ గోర్ అను రసాయన ఇంజనీరు, మెల్లగా సాగదీసినచో తెగిపోవుచున్న వేడి టెఫ్లాన్ కడ్డీని ఒక్కసారిగా గుంజగా, అది తెగక అనేకరెట్లు సాగి సూక్ష్మరంధ్రమయమయ్యెను. ఆ రంధ్రములు నీటిబొట్టు దూరుటకు మిక్కిలి చిన్నవి, ఆవిరి దాటుటకు చాలినంత పెద్దవి. గోర్‌టెక్స్ అను పేర ఈ పొర 1976లో విపణికి వచ్చిన పిదప, వాననాపుచునే ఆవిరిని విడుచు సంచి సాధ్యమయ్యెను. సైనికులును పాదచారులును దానిని స్వీకరించిరి.

అయితే నూతనవస్త్రము ప్రకృతిధర్మమును రద్దుచేయలేదు. వెలుపలి గాలి పొడిగను చల్లగను ఉన్నపుడు సులువుగా పోవు ఆవిరి, తేమ నిండిన ఉక్కపోతలో లోపలనే నిలిచిపోవును. కావున సంచి కొనువారు బరువొక్కటే తూచక, వస్త్రము ఆవిరిని విడుచునా, లోపలి పడకసంచి అణగక ఉబ్బియుండుటకు చోటున్నదా, తలవైపు దోమలవల యున్నదా యని విచారింపవలెను. వాడువారు నీరును చలిగాలియు దిగు పల్లములను విడిచి, గాలిచాటైన మెరకనేల నెన్నుకొనవలెను. వాన యెంత కురిసినను ఊపిరికి తెఱపి యుంచవలెను. ఉదయమున సంచిని తిరుగవేసి యారబెట్టవలెను. దినములతరబడి కురియు వర్షమందు గుడారమే మేలు. తక్కిన వేళల, నేలను చూచి యెన్నుకొను వివేకముగల ఒంటరి పాదచారికి దీనిని మించిన రాత్రినివాసము లేదు.