మన శాసనసభలు: ఏడు దశాబ్దాల సింహావలోకనం

తెలుగువారు సొంత శాసనసభ కోసం చాలాకాలం ఎదురుచూశారు. కోస్తా, రాయలసీమ ప్రతినిధులు మద్రాసు సభలో కూర్చుని తమ జిల్లాల గోడు వినిపించారు. 1937లో ఆ శాసనసభకు స్పీకరైన బులుసు సాంబమూర్తి తెలుగువారే. నిజాం ఏలుబడిలోని తెలంగాణకు మాత్రం వయోజన ఓటుతో సభను ఎన్నుకునే అవకాశం 1952లో గాని రాలేదు. 175 స్థానాల ఆ హైదరాబాదు సభలో బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి అయ్యారు.

1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. కొత్త సభలో 140 మంది సభ్యులు. వీరంతా అంతకుముందు ఏడాది మద్రాసు శాసనసభకు ఎన్నికైనవారే. నల్లపాటి వెంకట్రామయ్య చౌదరి తొలి స్పీకరు, టంగుటూరి ప్రకాశం తొలి ముఖ్యమంత్రి. ఏడాది తిరగగానే, 1954 నవంబరులో, మద్యనిషేధంపై తలెత్తిన వివాదంలో ప్రకాశం ప్రభుత్వంపై అవిశ్వాస తీర్మానం వచ్చింది. ఒకే ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం పడిపోయింది. స్వాతంత్ర్య పోరాటంలో తుపాకులకు గుండె చూపిన నాయకుడు సభ తీర్పుకు తలవంచి దిగిపోయారు. శాసనసభ అంటే ఏమిటో తెలుగు నేలకు తెలిసివచ్చిన తొలి సందర్భం అది.

1955 మధ్యంతర ఎన్నికల్లో ఆంధ్ర సభ స్థానాలు 196కు పెరిగాయి. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించాక ఒక విచిత్ర పరిస్థితి ఎదురైంది. ఆంధ్ర సభ్యులు 1955లో గెలిచినవారు, తెలంగాణ సభ్యులు 1952లో గెలిచినవారు. అందుకే 1957లో తెలంగాణలోని 105 స్థానాలకే ఎన్నికలు జరిపారు. అటు 196, ఇటు 105, మొత్తం 301 మందితో సభ నడిచింది. రెండు ప్రాంతాలూ కలిసి ఓటేసిన మొదటి శాసనసభ ఎన్నికలు 1962లో జరిగాయి. అప్పుడు స్థానాలు 300. ఆ తర్వాత 287, 1978 నుంచి 294. విజయవాడ మార్కెట్‌కు పేరైన అయ్యదేవర కాళేశ్వరరావు ఉమ్మడి సభకు తొలి స్పీకరు. ఏడో నిజాం తండ్రి మహబూబ్ అలీఖాన్ నలభయ్యో జన్మదినం సందర్భంగా 1905లో పునాది పడి, ప్రజల చందాలతో 1913 నాటికి పూర్తయిన హైదరాబాదు టౌన్‌హాలు ఆ సభకు నెలవైంది.

ఆనాటి సభకు బలం ప్రశ్నోత్తరాల సమయమే. నక్షత్ర గుర్తు ప్రశ్నకు మంత్రి సిద్ధం చేసుకున్న జవాబు సభలో చెప్పగానే సభ్యుడు లేచి అనుబంధ ప్రశ్న వేస్తాడు. కాగితంలో లేని సంగతి అడుగుతాడు. శాఖ మీద పట్టులేని మంత్రి అక్కడ నిలబడలేడు. సైకిలు మీద తిరిగే పుచ్చలపల్లి సుందరయ్య, స్వతంత్రుడిగా సత్తెనపల్లి నుంచి మళ్లీ మళ్లీ గెలిచిన వావిలాల గోపాలకృష్ణయ్య, తెన్నేటి విశ్వనాథం వంటివారు అంకెలు, జీవోలు చేతబట్టుకుని మాట్లాడేవారు. 1978 సభలో ప్రతిపక్ష బెంచీల నుంచి జైపాల్‌రెడ్డి, వెంకయ్యనాయుడు గళమెత్తారు. వై.ఎస్. రాజశేఖరరెడ్డి, చంద్రబాబునాయుడు తొలిసారి గెలిచి వచ్చింది ఆ సభకే. తర్వాతి నాలుగు దశాబ్దాల రాజకీయం అక్కడ ఓనమాలు దిద్దుకుంది.

ఈ సభ చేసిన చట్టాలు జనం బతుకులను మార్చాయి. 1966లో తెలుగు అధికార భాష అయింది. పి.వి. నరసింహారావు హయాంలో రూపుదిద్దుకున్న భూసంస్కరణల చట్టం 1975లో అమల్లోకొచ్చింది. ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణతో ఉమ్మడి కుటుంబ ఆస్తిలో ఆడబిడ్డలకు సమాన వాటా దక్కింది. దేశమంతటికీ అలాంటి చట్టం రావడానికి 2005 దాకా పట్టింది.

సభ పరువు పోయిన రోజులూ ఉన్నాయి. 1984 ఆగస్టులో ఎన్టీఆర్‌ను గద్దె దించినప్పుడు ఎమ్మెల్యేలను బెంగళూరు శిబిరాలకు తరలించాల్సి వచ్చింది. నెల తిరిగేసరికి ఆయన తిరిగి ముఖ్యమంత్రి అయ్యారు గాని, శిబిరాల సంస్కృతి మాత్రం పోలేదు. 1985లో ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చింది. అయినా 2014లో రాష్ట్ర విభజన తర్వాత రెండు రాష్ట్రాల్లోనూ ప్రతిపక్ష సభ్యులు పాలక పక్షం వైపు నడిచారు, అనర్హత పిటిషన్లు స్పీకర్ల ముందే ఏళ్లు గడిపాయి.

శాసనమండలి కథ మరో దారి. 1958లో పుట్టి, 1985లో రద్దయి, 2007లో తిరిగి వచ్చింది. 2020 జనవరిలో రాజధాని బిల్లులకు మండలిలో అడ్డంకి ఎదురవగానే దాని రద్దుకు ఆంధ్రప్రదేశ్ శాసనసభ తీర్మానించింది, మరుసటి ఏడాది ఆ తీర్మానాన్ని వెనక్కు తీసుకుంది. మండలి ఉండాలా వద్దా అన్నది పాలకుల అవసరాన్ని బట్టి తేలకూడదు.

2014 జనవరి 30న పునర్విభజన బిల్లును మూజువాణి ఓటుతో తిరస్కరించడం ఉమ్మడి సభ చరిత్రలో చివరి పెద్ద ఘట్టం. జూన్ 2 నుంచి తెలంగాణకు 119, ఆంధ్రప్రదేశ్‌కు 175 స్థానాలు. 2017 మార్చిలో ఆంధ్రప్రదేశ్ సభ వెలగపూడికి తరలింది. విభజన చట్టం ఈ స్థానాలను తెలంగాణలో 153కు, ఆంధ్రప్రదేశ్‌లో 225కు పెంచాలంటోంది. మహిళలకు మూడోవంతు స్థానాలిచ్చే 2023 రాజ్యాంగ సవరణ అమలుకు ఎదురుచూస్తోంది.

సభ్యులు పెరగడం మంచిదే. కానీ సభ కూర్చునే రోజులు తరిగిపోతే ఆ పెరుగుదలకు అర్థం లేదు. రెండు సమావేశాల మధ్య ఆరు నెలలు దాటకూడదని మాత్రమే రాజ్యాంగం చెబుతోంది. ఏడాదికి ఇన్ని రోజులు జరిగి తీరాలని ఎక్కడా లేదు. ఆ సందు చూసుకునే ఏ పార్టీ అధికారంలో ఉన్నా సమావేశాలను కుదిస్తోంది. పద్దులు చర్చ లేకుండా ఆమోదం పొందుతున్నాయి. మరోవైపు, అలిగిన ప్రతిపక్షం సభను బహిష్కరించి ప్రభుత్వానికి పని సులువు చేస్తోంది.

రెండు రాష్ట్రాలూ కనీస పనిదినాలను నిబంధనగా రాసుకోవాలి. ఈసారి మీ ఎమ్మెల్యే ఎదురైతే రోడ్డు గురించి, పింఛను గురించి అడగండి. దానితోపాటు ఈ ఏడాది సభకు ఎన్ని రోజులు వెళ్లారో, ఏ ప్రశ్న వేశారో కూడా అడగండి.